దరియావలి కుడి బూటు

రాష్ట్రంలో పాదరక్షలకు ఒక ప్రదర్శనశాల ఉండాలన్న ఆలోచన ముందుగా ఎవరికి వచ్చిందో ఇప్పుడు చెప్పడం కష్టం. దానికి మంచిపేరు వచ్చినప్పుడు ఆ ఆలోచన తమదేనని నలుగురు చెప్పుకున్నారు. పేరు కాస్త మసకబారగానే ఆ నలుగురూ ఫైలు తమ బల్ల మీదికి రానే లేదన్నారు. పెద్దలెవరో విదేశాలు తిరిగొచ్చారనీ, అక్కడ ఎవరో రాణిగారి జోడు అద్దాలపెట్టెలో పెట్టి పైన దీపం వెలిగించడం చూశారనీ, మన రాజుల కాళ్ళు మాత్రం ఏం పాపం చేసుకున్నాయని విమానంలోనే కళ్ళు తుడుచుకున్నారనీ ఆఫీసుల్లో చెప్పుకునేవారు. మొత్తానికి మూడు నెలల్లో జీవో వచ్చింది. జిల్లా కేంద్రంలో మూతబడి ఉన్న శుభలగ్న కల్యాణమండపాన్ని ప్రభుత్వం తీసుకుని, గుమ్మం మీద ‘రాష్ట్ర పాదరక్షా వారసత్వ ప్రదర్శనశాల’ అని ఇత్తడి అక్షరాలు బిగించింది.

మార్తమ్మ ఆ మండపంతోపాటే ప్రభుత్వానికి సంక్రమించింది. ఆమె ఇరవై నాలుగేళ్ళుగా మండపం వరండాలో చెప్పుల స్టాండు చూసుకునేది. భవనం అప్పగించేటప్పుడు రాసిన జాబితాలో ‘ఫ్యాన్లు పద్దెనిమిది, గాడిపొయ్యిలు మూడు, చెప్పుల స్టాండు ఒకటి, మనిషితో సహా’ అని ఉంది. ఆమెను తీసెయ్యాలంటే స్టాండును తీసెయ్యాలి. స్టాండును తీసెయ్యాలంటే అది పనికిరాదని ఇంజనీరు రాసివ్వాలి. స్టాండు చూస్తే టేకుది, గట్టిది. అందుకని మార్తమ్మ ఉండిపోయింది.

ఉండిపోవడానికి ఆమెకూ కారణం ఉంది. పెళ్ళికి వెయ్యిమంది వచ్చినా ఎవరి చెప్పులు వాళ్ళ కాళ్ళకు అందించిన మనిషి ఆమె. టోకెను పారేసుకున్నవాళ్ళను కూడా కాళ్ళు చూసి గుర్తుపట్టేది. ఇరవై నాలుగేళ్ళలో ఒక్క జత మారలేదని ఆమెకు కాస్త గర్వం. భోజనాల తొందరలో మరిచిపోయినవి, తాళికట్టే సమయంలో గొడవపడి విసురుగా వెళ్ళిపోయినవాళ్ళు వదిలేసినవి మాత్రం ఆమె పారెయ్యలేదు. ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని గోతాల్లో దాచింది. అవే పదకొండు గోతాలయ్యాయి.

ఇక ప్రదర్శనశాల లోపల అంతా సిద్ధంగా ఉంది. చల్లటి గది, నున్నటి గ్రానైటు నేల, నలభై రెండు అద్దాలపెట్టెలు, పెట్టెపెట్టెకూ దీపం. చెప్పులు మాత్రం లేవు. పురాతన పాదరక్షల సరఫరాకు టెండరు పిలిచారు గాని, సరఫరా చేసే పాదరక్షలు కొత్తవై, వాడనివై, రెండేళ్ళ గ్యారంటీ కలిగి ఉండాలన్న షరతు వల్ల ఎవరూ ముందుకు రాలేదు. అందుచేత క్యూరేటరు డాక్టర్ పరాంకుశంగారు ప్రతి పెట్టెలోనూ ఒక చీటీ పెట్టించారు: ‘ఇచ్చట శాతవాహనుల నాటి పాదరక్ష ఉండబోవుచున్నది.’ ‘ఇచ్చట రెడ్డిరాజుల నాటి పాదరక్ష ఉండబోవుచున్నది.’ పరాంకుశంగారు శాసనాల మీద పరిశోధన చేసినవారు. రాయి ఎంత మౌనంగా ఉన్నా చదవగలరు గాని, చెప్పు కింద పెట్టి చూపిస్తే ఎడమదో కుడిదో ఒక్క క్షణం ఆలోచించుకునేవారు.

గ్రానైటు పాడవకుండా గుమ్మం పక్కన ‘పాదరక్షలు వెలుపల విడువవలెను’ అని బోర్డు పెట్టారు. అంతవరకూ ఏ ఇబ్బందీ లేదు. మే నెలలో కమిషనరుగారు తనిఖీకి వస్తున్నారని కబురు వచ్చింది.

సందర్శకులు కనిపించాలి కాబట్టి నలభైమంది ఉపాధ్యాయులను స్వచ్ఛందంగా రమ్మని ఉత్తర్వు ఇచ్చి రప్పించారు. వాళ్ళు వరండాలో చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి చీటీలు చదువుతూ నిలబడ్డారు. మార్తమ్మకు ఖాళీ అరలు చూస్తే తోచదు. పైఅరలు బోసిగా ఉన్నాయని గోతాలు విప్పి, పాతవాటిని తుడిచి, ఏ కాలానివి ఆ కాలానివిగా పేర్చింది.

కమిషనరుగారు కారు దిగి, మెట్లెక్కి, వరండాలో ఆగిపోయారు. లోపలికి వెళ్ళనే లేదు.

“అద్భుతం!” అన్నారు. “బహిరంగ గ్యాలరీ! దీనికి రూపకల్పన ఎవరిది?”

పరాంకుశంగారు అది చెప్పుల స్టాండు అని చెప్పడానికే నోరు తెరిచారు. తెరిచిన నోట్లోంచి వేరే మాట వచ్చింది. “అంతా తమ మార్గదర్శకత్వమే సార్.”

కమిషనరుగారు కిందిఅరలోని ఒక జత వైపు వేలు చూపించారు. “ఏమ్మా, ఇది ఏ కాలానిది?”

“అదా సార్? లెక్కల టీచరమ్మది. ఇప్పుడే ఇడిసి లోనికి బోయింది” అంది మార్తమ్మ.

“సమకాలీన విభాగం సార్” అన్నారు పరాంకుశంగారు చటుక్కున.

“మరి పైన?”

పైఅర గురించి అడిగినవాళ్ళు ఇంతకాలానికి ఒకరు దొరికారని మార్తమ్మకు ఉత్సాహం వచ్చింది. “ఇయ్యి కిర్రుచెప్పులు సార్. మా నాయన కుట్టేవోడు ఇట్టాంటియి. మనిషి వీధి మలుపులో ఉండగానే ఇంట్లోకి ఇనపడేది. పెద్దమనిషి వస్తన్నాడని పిల్లలు సర్దుకునేవోళ్ళు. ఇయ్యి టైరుచెప్పులు, చేలో తుమ్మముళ్ళకి. పెళ్ళికి ఏసుకొచ్చి సిగ్గుపడి గోడవారగా దాచేవోళ్ళు. ఆ పక్కనయ్యి మడమెత్తుయి. ఒక ఏడు పెళ్ళికూతుళ్ళందరూ అయ్యే. పీటల మీద కూసున్నాక ఎత్తెవరికి కనపడద్ది? అయినా అయ్యే. ఇంకో ఏడు పెళ్ళికొడుకులందరికీ తెల్ల బూట్లు. ఆ మరుసటేడు ముక్కు కోసుగా ఉండేయి, ఏలు నలిగి కుంటుకుంటా తాళి కట్టినోళ్ళని నేనెరుగుదును. కార్లొచ్చినాక చెప్పుల అట్టలు పల్చబడినయ్ సార్. మందం చెప్పులంటే ఇక నడిచేవోళ్ళయ్యే.”

కమిషనరుగారు తల పంకించి, తన సహాయకుడితో “స్థానిక వివరణకర్త. బాగుంది. రాసుకో” అన్నారు. ఆమె చెప్పింది మాత్రం ఎవరూ రాసుకోలేదు. ఆయన అక్కడే నిలబడి తనిఖీ పుస్తకంలో నాలుగు వాక్యాలు రాసి, సంతకం చేసి, వచ్చిన కారులోనే వెళ్ళిపోయారు. బూట్లు విప్పే అవసరం ఆయనకు కలగలేదు.

తనిఖీ పుస్తకంలో ఇలా ఉంది: ‘వెలుపలి గ్యాలరీ మిక్కిలి ప్రశంసనీయము. ఇందు ప్రదర్శింపబడిన ప్రతి వస్తువును జాబితాలో చేర్చి, సంఖ్య వేసి, శాశ్వతముగా సంరక్షింపవలెను. ఇకముందు చేరు వస్తువులకును ఇదియే వర్తించును.’

పరాంకుశంగారు దాన్ని మూడుసార్లు చదివారు. శాసనాలు చదివిన మనిషి కాబట్టి రాసిన అక్షరానికి తిరుగులేదని ఆయనకు తెలుసు. నలభైమంది ఉపాధ్యాయులు బయటికి వచ్చేసరికి ఆయన స్టాండుకు అడ్డంగా చేతులు చాపి నిలబడి ఉన్నారు.

“ఇవి ఇప్పుడు రాష్ట్ర సంపద” అన్నారు.

“నా చెప్పులండీ!” అంది లెక్కల టీచరు.

“ఉదయం పది గంటల తొమ్మిది నిమిషాల వరకూ మీవే. ఎవరూ కాదనడం లేదు. పది గంటల పది నిమిషాల నుంచి వారసత్వం.”

మే నెల ఎండలో నలభైమంది పంతుళ్ళు, పంతులమ్మలు నీడలు వెతుక్కుంటూ, గెంతుతూ బస్టాండు దాకా వెళ్ళారు. మార్తమ్మ స్టాండు వైపు తిరిగి నిలబడింది. వాళ్ళ కాళ్ళు చూడబుద్ధి కాలేదు. ఇచ్చిన చెప్పులు తిరిగివ్వకుండా మనిషిని పంపడం ఆమె జన్మలో అదే మొదటిసారి.

ఇక ఆపైన పద్ధతి ఏర్పడింది. ఎవరు స్టాండులో చెప్పులు విడిచినా అట్ట కింద తెల్లరంగుతో సంఖ్య పడేది. విడిచినవారికి ‘స్వచ్ఛంద దాత’ అని యోగ్యతాపత్రం ఇచ్చేవారు. దాతలు ప్రతి మంగళవారం పదకొండు నుంచి పన్నెండు దాకా, గుర్తింపు కార్డు తెచ్చుకుంటే, తమ పూర్వపు చెప్పులను అద్దంలోంచి చూసుకోవచ్చు. శాతవాహనుల పెట్టెలో ఒక ప్లాస్టిక్ శాండిల్ జత చేరింది. రెడ్డిరాజుల పెట్టెలో అడుగు వేస్తే ఎర్రలైటు వెలిగే పిల్లల బూట్లు చేరాయి. నెలకు మూడు వందల వస్తువులు సేకరించాలని లక్ష్యం వచ్చింది. అది తెలిసిన జనం ఒట్టికాళ్ళతో రావడం మొదలుపెట్టారు. లక్ష్యం దెబ్బతింటోందని పరాంకుశంగారు పైకి రాయగా, వారం తిరక్కుండా రెండో బోర్డు వచ్చింది: ‘పాదరక్షలు లేనివారికి ప్రవేశము లేదు.’ రెండు బోర్డులూ పక్కపక్కనే పెట్టారు. ఎవరూ రాకుండా పోయారు. ఊరి సంగతి తెలియని పొరుగూరివాళ్ళే అప్పుడప్పుడూ వచ్చి చిక్కేవాళ్ళు.

అలా చిక్కినవాడు దరియావలి.

ఆయన పక్క మండలంలో దర్జీ. అరవై దాటిన మనిషి. మూడో ఏట వచ్చిన జబ్బుకు కుడికాలు మూడంగుళాలు పొట్టిగా ఉండిపోయింది. ఆసుపత్రిలో కొలత తీసి కుట్టించిన బూట్లు వేసుకుంటాడు. కుడిదానికి నాలుగంగుళాల మందాన అట్ట ఉంటుంది. అది వేసుకుంటే కొద్దిగా ఊగుతూ అందరిలాగే నడుస్తాడు. భార్యకు ఆ ఊరి ఆసుపత్రిలో కంటి ఆపరేషను చేయించాడు. నాలుగింటికి పంపిస్తామన్నారు. అప్పటిదాకా చల్లగా ఉంటుందని ఎవరో చెబితే ప్రదర్శనశాలకు వచ్చాడు.

“లోనికి పోబాక అన్నా” అంది మార్తమ్మ గొంతు తగ్గించి. “ఇక్కడ ఇడిస్తే తిరిగి రావు.”

దరియావలి నవ్వాడు. “నన్ను ఇడిసిపెట్టి అదెక్కడికి పోద్దమ్మా?” అని మెట్టు మీద కూర్చుని రెండు బూట్లూ విప్పి స్టాండులో పెట్టి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళి మొదటి బెంచీ మీద కూలబడ్డాడు.

పరాంకుశంగారు టేపు పట్టుకుని వచ్చారు. కుడి బూటు మడమ కొలిచారు. ఎడమది కొలిచారు. మళ్ళీ కుడిది కొలిచారు. ఆయన ముఖం వెలిగిపోయింది. “అసమాన మడమ శైలి! జతలో రెండూ ఒకే ఎత్తు ఉండాలన్న సంప్రదాయం మీద తిరుగుబాటు! మార్తమ్మా, ఇది అరుదైన వస్తువు.”

“ఫ్యాషన్ గాదు సార్. ఆయన కాలే అంత.”

“కాలు మన పరిధిలోకి రాదమ్మా. మనది పాదరక్షల శాఖ.”

కుడిదానికి 3118 అని, ఎడమదానికి 3119 అని సంఖ్యలు వేశారు. ఎడమదాన్ని అద్దాలపెట్టెలో పెట్టడానికి తీసుకెళ్ళారు. కుడిదానికి రంగు ఆరలేదని వరండాలో ఉంచారు.

మూడుంబావుకు దరియావలి గోడ పట్టుకుంటూ బయటికి వచ్చాడు. సంగతి తెలిసింది. పరాంకుశంగారు యోగ్యతాపత్రం అందిస్తే, తీసుకోకుండా ఆయన ముఖంలోకి చూశాడు.

“మా ఆడమనిషి కంటికి కట్టుతో కూసోని ఉంటది సార్. నాలుగింటికి నేను పోవాల. అది లేకుండా నేను ఈ మెట్లు గూడా దిగలేను.”

“మీ బాధ నేను అర్థం చేసుకోగలను. దానికి నమూనా దరఖాస్తు ఉంది. మూడు ప్రతుల్లో ఇస్తే పైకి పంపిస్తాం. పైవారు మరింత పైకి పంపిస్తారు. ఈలోగా మంగళవారం వచ్చి చూసుకోవచ్చు” అని చెప్పి, లోపల ఫోను మోగుతుంటే పరాంకుశంగారు వెళ్ళిపోయారు.

దరియావలి మెట్టు మీద కూర్చున్నాడు. గోడ గడియారం వైపు ఒకసారి చూసి, తర్వాత తన కుడికాలి వైపు చూసుకున్నాడు. మార్తమ్మ ఇరవై నాలుగేళ్ళుగా కాళ్ళను చూస్తున్న మనిషి. ఈ కాలిని చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు. వెళ్ళి కుడి బూటు తీసుకొచ్చి, ఆయన ముందు గొంతుక్కూర్చుని తొడిగి లేసులు బిగించింది. తెల్లరంగు ఆమె వేళ్ళకు అంటుకుంది.

“ఎడమది లోపల తాళంలో ఉందన్నా.”

“ఎడమకాలికి నేల అలవాటేనమ్మా. ఇది సాలు” అన్నాడు దరియావలి. లేచి నిలబడి ఆమె తలమీద చెయ్యి పెట్టబోయి, మధ్యలో ఆపి నమస్కారం పెట్టాడు. నాలుగింటికి ఇంకా ఐదు నిమిషాలుండగా ఆసుపత్రి చేరాడని తర్వాత తెలిసింది.

మూడో రోజు మార్తమ్మకు మెమో వచ్చింది. ‘మీరు బుధవారము మధ్యాహ్నము 3.20 గంటలకు రాష్ట్ర సంపద అయిన 3118 సంఖ్య గల వస్తువును ఒక కాలికి తొడిగి, సదరు కాలు ప్రాంగణము దాటిపోవుటకు సహకరించినట్లు తెలియవచ్చినది. మిమ్ములను విధుల నుండి ఏల తొలగింపరాదో, పురావస్తు చౌర్యము క్రింద పోలీసులకు ఏల అప్పగింపరాదో తెలుపవలెను.’

చౌర్యము అన్న మాట దగ్గర ఆమె ఆగిపోయింది. ఉద్యోగం పోతే ఏదో కూలి చేసుకోవచ్చు. ఒక్క జత మార్చని మనిషిని చెప్పుల దొంగ అంటే ఆ ఊళ్ళో తలెత్తుకుని ఎలా తిరగాలి? విచారణ దాకా ఉన్న రెండు వారాలూ ఆమెకు అన్నం రుచించలేదు.

విచారణకు కమిషనరుగారే వచ్చారు. దరియావలిని కూడా పిలిపించారు, 3118ని వెంట తీసుకుని రమ్మని. ఆయన దాన్ని తొడుక్కుని వచ్చాడు. గుమ్మం దగ్గర అరగంట చిక్కు పడింది. బూటు విప్పకుండా లోపలికి రానివ్వకూడదు. విప్పి స్టాండులో పెడితే నిబంధన ప్రకారం కొత్త సంఖ్య వెయ్యాలి. ఒకే బూటుకు రెండు సంఖ్యలుంటే ఆడిటువాళ్ళు రెండో బూటేదీ అంటారు. చివరికి బల్ల, కుర్చీలు వరండాలోకి తెచ్చి అక్కడే విచారణ మొదలుపెట్టారు.

“వస్తువు తీసింది నువ్వేనా?” అన్నారు కమిషనరుగారు.

“నేనే సార్.”

“ఎందుకు?”

“ఆయనది గనక సార్.”

కమిషనరుగారు పరాంకుశంగారి వైపు చూశారు. ఇలాంటి సమాధానానికి ఫారంలో గడి లేదు.

పరాంకుశంగారు వంగి, చిన్న గొంతుతో ఒక ఇబ్బంది విన్నవించారు. చోరీ అని రాస్తే పోలీసులు వస్తారు. పోలీసులు వస్తే, దర్జీ వేసుకున్న బూటు పురావస్తువు ఎలా అయిందని అడుగుతారు. అప్పుడు తనిఖీ పుస్తకం చూపించాలి. తనిఖీ పుస్తకంలో సంతకం ఉంది. పైగా వచ్చే నెలలో ఢిల్లీ బృందం వస్తోంది. ఆ వేళకు ఒక వస్తువు తగ్గితే...

కమిషనరుగారు మంచినీళ్ళు తాగారు. “దరియావలీ, దాన్ని మర్యాదగా అప్పగించు. విషయం ఇంతటితో ముగిద్దాం.”

“విప్పితే నేను లేవలేను సార్. మీరు నన్ను కూడా పెట్టెలో పెట్టుకోవాల” అన్నాడు దరియావలి.

పరాంకుశంగారు మనసులోనే పెట్టెల కొలతలు చూసుకున్నారు. కమిషనరుగారు బల్ల మీద వేళ్ళు ఆడించారు. “అంటే వస్తువు పోయిందనే రాయాలి. పోగొట్టిన మనిషి పేరు రాయాలి.”

మార్తమ్మకు అంతవరకూ లోపల అణిచిపెట్టుకున్నది పైకి వచ్చింది. “పోవడమేంది సార్! ఎక్కడికి బోయింది? అదిగో, మీ కళ్ళ ముందే ఉండె! పోయింది పోయింది అంటారేంది? జనంలోనే తిరగతంది గదా!”

కమిషనరుగారి వేళ్ళు ఆగిపోయాయి.

“ఏమన్నావు?”

“తిరగతందన్నా సార్.”

“తిరుగుతోంది!” ఆయన కుర్చీలోంచి లేచారు. “పరాంకుశంగారూ, విన్నారా? సంచారం! వస్తువు పోలేదు. సంచార ప్రదర్శనలో ఉంది! ప్రదర్శనశాల దగ్గరికి ప్రజలు రావడం పాత పద్ధతి. ప్రజల మధ్యకే ప్రదర్శనశాల వెళ్ళడం ఆధునిక పద్ధతి. రాయండి!”

అక్కడికక్కడే ఉత్తర్వు తయారైంది. దరియావలి కుడికాలు ప్రదర్శనశాలకు తొలి సంచార శాఖగా గుర్తింపు పొందింది. పని వేళలు ఉదయం పది నుంచి అయిదు వరకు. శుక్రవారం సెలవు. ఎడమ బూటును ‘అనుబంధ వస్తువు’గా అదే శాఖకు బదిలీ చేశారు. మార్తమ్మ మీద ఆరోపణను కొట్టెయ్యలేదు, సవరించారు. ఆ బుధవారం 3.20 గంటలకు జరిగినది చౌర్యము కాదనీ, సంచార శాఖ ప్రారంభోత్సవమనీ, సదరు కార్యక్రమమును మార్తమ్మ నిర్వహించెననీ రాసుకున్నారు. ముందస్తు అనుమతి లేకుండా ప్రారంభోత్సవం చేసినందుకు ఒక హెచ్చరిక మాత్రం ఇచ్చారు.

సంగతి బయటికి పొక్కడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు లెక్కల టీచరు వచ్చి, తన రెండు పాదాలనూ సంచార శాఖలుగా గుర్తించాలని దరఖాస్తు పెట్టుకుంది. కుదరదనడానికి నిబంధన లేదు. ఆమె వెనక తక్కిన ముప్ఫై తొమ్మిదిమంది, వాళ్ళ వెనక ఊరంతా వరస కట్టారు. మార్తమ్మ ఒక్కొక్కరి కాళ్ళు చూస్తూ, పేరడక్కుండానే ఎవరివి వాళ్ళకు అందించింది. గోతాల్లోని పాతవాటిని వెతుక్కుంటూ కూడా జనం వచ్చారు. నెల తిరిగేసరికి అద్దాలపెట్టెల్లో మళ్ళీ పాత చీటీలే మిగిలాయి. ఢిల్లీ బృందం వచ్చి, మూడు వేల పైచిలుకు సంచార శాఖలున్న ప్రదర్శనశాల దేశంలో మరెక్కడా లేదని తేల్చింది. కమిషనరుగారికి పైకి బదిలీ అయింది. పరాంకుశంగారు ఖాళీ పెట్టెల మధ్య ఎంతో ప్రశాంతంగా కూర్చుని, ‘రాష్ట్రంలో పాదరక్షల అదృశ్య చరిత్ర’ అనే గ్రంథం మొదలుపెట్టారు.

స్టాండు ఖాళీ అయింది గనుక మార్తమ్మను సంచార శాఖల పర్యవేక్షకురాలిని చేశారు. చేతికో రిజిస్టరు ఇచ్చారు. ప్రతి శాఖనూ ఏడాదికోసారి చూసి, వస్తువు పరిస్థితి రాయాలి. వస్తువు ఏమాత్రం అరిగినా వారసత్వానికి నష్టంగా భావించి శాఖ గుర్తింపు రద్దు చేస్తారు. పరిస్థితి రాయడానికి మూడు గళ్ళున్నాయి: ‘యథాతథము’, ‘శిథిలము’, ‘లభ్యము కాదు’. ఏదో ఒకదానిలో టిక్కు పెట్టాలి.

ఆమె ముందుగా దరియావలి కొట్టుకు వెళ్ళింది. ఆయన మిషను తొక్కుతున్నాడు. పక్కన స్టూలు మీద ఆయన భార్య జాకెట్లకు హుక్కులు కుడుతూ, సూదిలోకి దారం తనే ఎక్కించుకుంటోంది.

“రా మార్తమ్మా. తనిఖీనా?” అన్నాడు దరియావలి. కుడికాలు ముందుకు చాపాడు.

మార్తమ్మ బూటు విప్పి చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసింది. మడమ వెనకవైపు పావంగుళం అరిగిపోయింది. తెల్లరంగు సంఖ్య ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. లేసు ఒకటి తెగితే మిషను దారం పేనుకుని కట్టుకున్నాడు. పక్కకుట్టు రెండు వేళ్ళ మేర ఊడింది.

“సూదీ దారం ఇట్టా ఇయ్యన్నా. లావుది” అంది. చెక్క మీద పెట్టి ఊడిన కుట్టు గట్టిగా లాగి బిగించింది. ముడేసి, పంటితో దారం తెంపి, బూటు ఆయనకు తొడిగింది.

“అరిగింది గదమ్మా. నువ్వు అబద్ధం రాయబాక. మళ్ళీ నీకు మాట వస్తది” అన్నాడు దరియావలి.

“అబద్ధమెందుకు రాస్తా? లేచి అటు పోయి రా ఒకసారి.”

ఆయన లేచాడు. కొద్దిగా ఊగుతూ వీధి చివర టీకొట్టు దాకా వెళ్ళి, రెండు చేతుల్లో మూడు గ్లాసులు పట్టుకుని, ఒక్క చుక్క ఒలకకుండా తిరిగొచ్చాడు.

మార్తమ్మ టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుంది. మూడు గళ్ళనూ వదిలేసి, పక్కన ఖాళీగా ఉన్న అంచులో గుండ్రటి అక్షరాలతో రాసింది: ‘నడుస్తున్నది.’